ఏనుగు పాదాల తాబేలు

ఓన్ యీకి కుదురు లేదన్న సంగతి ఐరావతి ఒడ్డునున్న పకొక్కు ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. లుంగీ కట్టడం నేర్చిన వయసులో చుట్టల షెడ్డులో అడుగుపెట్టింది, ఇప్పుడు జుట్టు నెరిసింది, ఈ మధ్యలో ఒక్కనాడైనా చాప మీద పట్టుమని పావుగంట కూర్చున్న పాపాన పోలేదు. చేతులకేం, బంగారంలాంటి చేతులు. ఆకు తీసి, పొగాకు పరిచి, చుట్టి, దారం బిగించడం అంతా రెప్పపాటులో అయిపోతుంది. వచ్చిన చిక్కల్లా మోకాళ్ళతోనే. అవి ఊగుతూనే ఉంటాయి. ఆ ఊపుకి పళ్ళెంలో పొగాకు తునకలు ఎగిరి పక్కవాళ్ళ ఒళ్ళో పడతాయి. "భూకంపం వచ్చిందే, పట్టుకోండి!" అని ఆడవాళ్ళు కేకలు పెట్టి నవ్వుతారు. ఆవిడేమీ నొచ్చుకోదు. నొచ్చుకునేందుకు ఆవిడ అక్కడుంటే కదా! అప్పటికే లేచి, పొయ్యి మీద టీ మరిగిందో లేదో చూడ్డానికి వెళ్ళిపోయి ఉంటుంది.

పెళ్ళినాడు కూడా అంతేనట. చుట్టాలంతా వరసగా కూర్చుని ఉంటే, పెళ్ళికూతురు లేచి వెళ్ళి విందుకి కలిపిన నానిన తేయాకు పచ్చడిలో నువ్వులు సరిగ్గా పడ్డాయో లేదో రుచి చూసి వచ్చింది. ఆమె భర్త మౌన్ షాన్ ఐరావతి మీద పడవ నడిపేవాడు, నిదానానికి మారుపేరు. "నా పడవకి లంగరుంది, నా పెళ్ళానికే లేదు" అనేవాడు. ఆయన పోయి చాలాకాలమైంది. దగ్గుతో మొదలై, ఊపిరితిత్తులు పూర్తిగా చెడిపోయి పోయాడు. ఆ జబ్బు ముదిరినప్పుడే ఓన్ యీ మొదటిసారి తాబేలును వదిలింది.

కష్టమొస్తే కొందరు పుణ్యం కోసం పిచ్చుకల్ని కొని వదులుతారు, కొందరు చేపల్ని. ఓన్ యీ తాబేళ్ళ మనిషి. తాబేలుకి ఆయుష్షు ఎక్కువ, ఎవరి పేరున వదిలితే వాళ్ళకి ఆ ఆయుష్షులో కొంత వస్తుందని ఆమె నమ్మకం. ఆమెదేమిటి, ఊరందరిదీ అదే. ఊరి చివర మఠం వెనక, నాలుగు వైపులా సిమెంటు గోడలు కట్టిన గుంట ఒకటి ఉంది. దాని గట్టున 'ఇది భయం లేని చోటు. ఇక్కడ ఏ ప్రాణినీ పట్టరాదు' అని పెద్ద అక్షరాల బోర్డు. అందులోకే వదిలేది. భర్త బతకలేదు. అయినా ఓన్ యీ మానలేదు. తాను ఆలస్యంగా వదిలినందుకే అలా జరిగిందనుకుంది. కూతురి పరీక్షలకి వదిలింది. కూతురి పెళ్ళికి వదిలింది. ఇంటికి కరెంటు మీటరు రావడం ఆలస్యమైనా వదిలింది, అది మాత్రం కాస్త ఎక్కువే అని నేనంటాను.

ఆ కూతురి పేరు వా వా. మాండలేలో కాపురం. మొదటి కాన్పు ఏడో నెలలోనే పోయింది. ఆ బిడ్డ మొహం కూడా ఎవరూ సరిగ్గా చూడలేదు. ఇది రెండోది. డాక్టర్లు కోసి తియ్యాలన్నారు, రోజు కూడా చెప్పారు. ఓన్ యీ నెల ముందే సంచీ సర్దింది. ఎండు చేపలు పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది. సరిగ్గా అప్పుడు కూతురు ఫోన్ చేసింది.

"అమ్మా, చెప్తే కోపం తెచ్చుకోకు. నువ్వు రావద్దు."

"రావద్దా? నేను రాకపోతే ఎవరొస్తారే?"

"అత్తయ్య ఉంది కదా. పోయినసారి నువ్వు ఆస్పత్రి వరండాలో కాలుగాలిన పిల్లిలా తిరిగావు. నిన్ను చూస్తుంటే నాకు ఊపిరాడలేదమ్మా. ఈసారి నాకు భయంగా ఉంది. నీ భయం కూడా నేను మొయ్యలేను."

ఓన్ యీ సరేనంది. ఫోన్ పెట్టేశాక సంచీ విప్పి, ఎండు చేపలన్నీ పొరుగింటివాళ్ళకి ఇచ్చేసింది. కూతురన్నది అబద్ధం కాదని ఆమెకి తెలుసు.

ఆపరేషన్ రోజు రానే వచ్చింది. కొత్త సంవత్సరపు నీళ్ళ పండగ ఇంకా రాలేదు గానీ ఎండ మాత్రం ముందే వచ్చేసింది. పొద్దున్నే బజారుకి పరుగెత్తింది. వంకాయల గుట్ట పక్కన బుట్టలో ఒక తాబేలు. పసుపు పచ్చటి చిప్ప, మీద సిరా ఒలికినట్టు నల్లటి మచ్చలు. కూరలమ్మే మనిషి ఏ ధర చెబితే ఆ ధర ఇచ్చేసింది, బేరమాడితే పుణ్యం తరుగుతుందని. తువ్వాలులో చుట్టుకుని గుండెలకి హత్తుకుని మఠానికి వెళ్ళింది. కూతురి పేరు చెప్పి, పుట్టబోయే బిడ్డకి పేరు లేదు కాబట్టి "లోపలున్నదాని పేరున కూడా" అని చెప్పి, నీళ్ళు ధారపోసి, తాబేలును గుంటలోకి జార్చింది.

అది మునగలేదు. కాసేపు గిన్నెలా తేలింది. కాళ్ళు గాల్లో తన్నుకుంటున్నట్టు ఆడిస్తూ గుండ్రంగా తిరిగి, మళ్ళీ ఓన్ యీ నిలబడిన వైపే వచ్చింది. మెడ చాచి, గోళ్ళతో సిమెంటు గోడని గీకింది.

ఓన్ యీ కళ్ళు చెమర్చాయి. వదిలిన ప్రాణి వెనక్కి తిరిగి చూస్తే కృతజ్ఞత చెబుతున్నట్టే. పకొక్కులో పసిపిల్లనడిగినా చెబుతుంది ఆ మాట. "చాల్లే తల్లీ, చాల్లే. వెళ్ళు" అని, గట్టు మీదున్న వెదురు గెడతో మెల్లిగా లోపలికి తోసింది. అది మళ్ళీ వచ్చింది. మళ్ళీ తోసింది. అలా ఎన్నిసార్లు వచ్చిందో, ఎన్నిసార్లు తోసిందో. చివరికి అది గుర్రపుడెక్క తీగల వైపు వెళ్ళి కనబడకుండా పోయింది. "అమ్మయ్య, వెళ్ళింది" అనుకుంది. ఆ క్షణాన ఆమెకెంత సంతోషమేసిందంటే, గట్టు మీద పట్టుమని కాసేపు కూర్చుంది కూడా.

ఆ సంతోషం షెడ్డుకి చేరేదాకా కూడా ఆగలేదు. ఫోన్ నడుం దగ్గర దోపుకుని ఉంది. తీసి చూసింది, దోపుకుంది, మళ్ళీ తీసింది. చుట్టలు చుట్టబోతే ఆకు చిరిగింది. "పోవే తల్లీ, పో, నది గాలి పీల్చుకునిరా. మా ప్రాణాలు తీస్తున్నావు" అని తోటివాళ్ళే తరిమేశారు.

ఒడ్డున ట్విన్ అనే ముసలాయన వల బాగుచేసుకుంటున్నాడు. మౌన్ షాన్‌కి స్నేహితుడు, పడుచుతనంలో ఇసుక దిబ్బల్లో ఇనప చువ్వ గుచ్చి తాబేళ్ళు పట్టి అమ్మినవాడు. ముసలితనంలో ఆ పాపం గుర్తొచ్చి మానేశాడు. గుర్తొచ్చిందో, నడుం వంగక మానేశాడో, అది ఆయనకే తెలియాలి.

"ఏం ఓనూ, నదిని కూడా తిరగేసి పోదామని వచ్చావా?"

"వెటకారం చెయ్యకు ట్విన్ అన్నా. ఇవాళే వా వాకి ఆపరేషన్. ఇంకా ఫోన్ రాలేదు. పొద్దున్నే తాబేలును వదిలొచ్చాను. చూడాలి నువ్వు, ఎంత విశ్వాసమనుకున్నావు దానికి! తోసినకొద్దీ నా దగ్గరికే వచ్చింది. వెళ్ళనంటుంది! గోడని గీకి గీకి మొర పెట్టుకుంది."

ట్విన్ ముందు నవ్వాడు. తర్వాత సూది ఆపేశాడు.

"తేలిందా, ఈదిందా?"

"ఏమో, తేలింది. గిన్నెలాగా."

"కాళ్ళు ఎలా ఉన్నాయి?"

"కాళ్ళేమిటి? తాబేలు కాళ్ళు."

"అదే అడుగుతున్నా. వేళ్ళ మధ్య బాతుకున్నట్టు చర్మముందా, లేక ఏనుక్కున్నట్టు మొద్దు కాళ్ళా?"

ఓన్ యీ కళ్ళు మూసుకుంది. బుట్ట గుర్తొచ్చింది. తువ్వాలులోంచి బయటికొచ్చి ఆమె చేతిని నెట్టిన కాలు గుర్తొచ్చింది. స్తంభంలాంటి కాలు, మీద పొలుసులు, వేళ్ళు విడిగా లేవు, కింద గోళ్ళు మాత్రం వరసగా.

"ఏనుగులాగే ఉన్నాయి" అంది, గొంతు తగ్గించి.

"కొంప ముంచావే ఓనూ. అది మెట్ట తాబేలు. వెదురు పొదల్లో రాలిన పళ్ళు తిని బతికేది. దానికి ఈతెక్కడిదీ?"

"తాబేలంటే తాబేలే కదన్నా?"

"అయితే కోడీ బాతూ ఒకటే, రెంటికీ రెక్కలున్నాయిగా! కోడిని తీసుకెళ్ళి గుంటలో వెయ్యి, ఈదుతుందేమో." ట్విన్‌కి కోపమొచ్చింది. "మెత్త చిప్పదుంది, చిప్పంతా తోలు, ముక్కు గొట్టంలా ఉంటుంది, బురదలో పడుకుని ముక్కు మాత్రం పైకి పెడుతుంది. నది తాబేలుంది, చిప్ప బల్లపరుపు, నీళ్ళు కోసుకుంటూ పోతుంది. ఇది ఆ రెండూ కాదు. చిప్ప బోర్లించిన బిందె. తోసినకొద్దీ వచ్చిందంటే విశ్వాసం కాదే పిచ్చిదానా, ఒడ్డెక్కించమని వచ్చింది!"

ఓన్ యీ పై ప్రాణాలు పైనే పోయాయి. వెదురు గెడతో తోసినప్పుడు చేతికి తగిలిన బరువు మళ్ళీ ఇప్పుడు తగిలినట్టయింది. కూతురి పేరు చెప్పి, ఇంకా పుట్టని బిడ్డ పేరు చెప్పి తోసింది. తన చేత్తో తనే. దానికి ఊపిరాడకపోతే మాండలేలో ఆ ఇద్దరికీ ఏమవుతుంది? ఆ ఆలోచన రాగానే ఆమె పరుగు మొదలుపెట్టింది. "వల తీసుకురా అన్నా!" అన్న కేక మాత్రం ట్విన్‌కి వినబడింది.

మఠం పెద్ద స్వామి పొద్దుటి భోజనం ముగించి కూర్చుని ఉన్నారు. ఓన్ యీ మోకాళ్ళ మీద పడి నమస్కరించడం, చెప్పడం, ఏడవడం అన్నీ ఒకేసారి చేసింది.

"నెమ్మది దాతమ్మా. ఆ గుంటలో వల వెయ్యమంటావా? బోర్డు చూడలేదా? పైగా ఇచ్చిన దానాన్ని వెనక్కి తీసుకుంటారా?"

"దానం కాదు స్వామీ, హత్య. అది ఒడ్డుకొస్తుంటే నేనే తోశాను. మీ బోర్డు నీటి ప్రాణులకి స్వామీ. దానికి అక్కడున్న భయమంతా నీళ్ళే."

స్వామి ఆమెకేసి చూసి, కిటికీలోంచి గుంటకేసి చూశారు. ఆ గుంట కట్టించింది ఆయన గురువుగారు. దండం పెట్టి వదిలిపోయేవాళ్ళని ఆయన చిన్నప్పట్నుంచీ చూస్తున్నారు, తాబేలు కాళ్ళకేసి చూసినవాళ్ళని ఒక్కరినీ చూడలేదు. తానూ చూడలేదు. "ట్విన్‌ని రమ్మను. మిగతావాటికి దెబ్బ తగలనివ్వొద్దు" అని లేచి ఆమె వెనకే వచ్చారు.

ట్విన్ నడుములోతు నీళ్ళలో దిగి వల లాగాడు. మొదట కోపంతో బుసకొడుతూ ఓ మెత్త చిప్పది వచ్చింది, దాన్ని తిప్పి పంపాడు. తర్వాత నది తాబేళ్ళు. తర్వాత వలలో లొడలొడ చప్పుడు. ఖాళీ చిప్పలు. బోర్లించిన బిందెల్లాంటివి, నాచు పట్టినవి, పగిలినవి. ఒడ్డున పెట్టేసరికి గట్టు నిండిపోయింది.

ఓన్ యీ ఒకటి చేతిలోకి తీసుకుంది. "ఇందులోంచి బయటికొచ్చి వెళ్ళిపోయాయేమో?" అంది. ఇన్నేళ్ళూ చిప్పంటే తాబేలు ఇల్లని, అక్కర్లేనప్పుడు విడిచిపోగలదని అనుకునేది.

ట్విన్ ఆ చిప్పని తిరగేసి లోపల వేలు పెట్టి చూపించాడు. నడిమధ్య వెన్నెముక, కప్పుకి దూలంలా అతుక్కుని ఉంది. దాన్నుంచి రెండు వైపులా పక్కటెముకలు, చిప్పలోనే కలిసిపోయి. "ఎక్కడికి పోతుంది? ఇది దాని ఇల్లు కాదు ఓనూ, ఒళ్ళు."

"ఇవి నేను వదిలినవేనా?"

"నీవో, మరొకరివో. ఊరంతా వదులుతూనే ఉన్నారుగా."

భర్త పేరున వదిలినదీ పసుపు పచ్చదే. అది కూడా గోడ దగ్గరికే వచ్చింది. ఆ రోజు ఇంటికెళ్ళి, మంచం మీదున్న మౌన్ షాన్‌కి సంబరంగా చెప్పింది, "వెనక్కి తిరిగి చూసిందయ్యా, నీకు నయమైపోతుంది" అని. ఊపిరందక అవస్థ పడుతూనే ఆయన నవ్వాడు. ఓన్ యీ ఆ చిప్పని గట్టు మీద పెట్టేసి, చేతులు లుంగీకి తుడుచుకుంది, తుడుచుకుంటూనే ఉంది.

"వెతుకు అన్నా, ఆపకు!" అని అరిచింది. నిలబడలేక గట్టు చుట్టూ తిరుగుతోంది. గుర్రపుడెక్క మూలకి వచ్చేసరికి ఆ మొక్కల వేళ్ళ మధ్య పసుపు రంగు కనబడింది. ఎవరికీ చెప్పలేదు, ఫోన్ గట్టు మీద పడేసి అలాగే నీళ్ళలోకి దిగిపోయింది. తీగల్లో చిక్కుకుని, తల కిందికి వేలాడేసి ఉంది. తీసుకుని బయటికొచ్చింది. మెడ వడిలిన తోటకూర కాడలా వాలిపోయింది. కళ్ళు మూసుకుని ఉన్నాయి.

ట్విన్ దాన్ని తలకిందులుగా పట్టుకున్నాడు. ముక్కులోంచి, నోట్లోంచి నీళ్ళు కారాయి. గోటితో కాలు గిల్లాడు. కదల్లేదు. పెదవి విరిచాడు.

"చెప్పు ఏం చెయ్యాలో! నీకు తెలుసు, చెప్పు!"

"మనకి రొమ్ము పొంగితే గాలి లోపలికి పోతుంది. దీని ఎముకలన్నీ చిప్పకే అతుక్కున్నాయి, చూశావుగా, రొమ్ము పొంగదు. కాళ్ళు ఆడితేనే ఊపిరాడుతుంది. ముందు కాళ్ళు పట్టుకుని బయటికి లాగు, లోపలికి తొయ్యి. లాగు, తొయ్యి. ఆపకూడదు. బతుకుతుందని మాత్రం నేను చెప్పను."

ఓన్ యీ మఠం అరుగు మీద కూర్చుంది. తాబేలును ఒళ్ళో పెట్టుకుంది, తల కాస్త కిందికి వాలేలా. లాగింది, తోసింది. లాగింది, తోసింది. చుట్టలు చుట్టిన చేతులు, లయ తప్పలేదు. మోకాళ్ళు మాత్రం ఊగడం మానేశాయి. ఊగితే తాబేలు జారిపోతుంది కదా. ఎండ అరుగు మీదకొచ్చింది, ఆమె జరగలేదు. ఎవరో నీళ్ళు తెచ్చారు, తాగలేదు. షెడ్డు ఆడవాళ్ళు విని వచ్చారు. ఓన్ యీ ఒక్కచోట కూర్చోవడం చూసి, ఎగతాళి చెయ్యడానికి వాళ్ళకి నోరు రాలేదు.

ఫోన్ మోగింది. ఓన్ యీ చేతులు ఆపలేదు. "తియ్యి అన్నా, గట్టు మీదుంది. నా చెవి దగ్గర పెట్టు."

అల్లుడు. ఆడపిల్ల పుట్టిందన్నాడు. బిడ్డ ఏడ్చిందన్నాడు. వా వాకి స్పృహ వచ్చిందన్నాడు. ఓన్ యీ "ఊఁ, ఊఁ" అంటూనే ఏడుస్తోంది, ఏడుస్తూనే లాగుతోంది, తోస్తోంది. చుట్టూ ఆడవాళ్ళు గొల్లుమని సంతోషంతో అరిచారు.

"ఇంక వదిలెయ్యి ఓనూ" అన్నాడు ట్విన్, మెత్తగానే. "తల్లీ పిల్లా క్షేమం. నీ మొక్కు చెల్లింది. ఇది చచ్చి చాలాసేపైంది."

ఓన్ యీ తలెత్తి చూసింది. ఆ కళ్ళలో కోపం చూసి ట్విన్ ఫోన్‌తో సహా ఒకడుగు వెనక్కి వేశాడు.

"మొక్కు చెల్లిందా? అక్కడ పిల్ల పుట్టినప్పుడు ఇది నా ఒళ్ళో ఇలాగే పడి ఉందయ్యా. ఇది ఎవరికీ ఏమీ ఇవ్వలేదు. అడిగింది మాత్రమే, ఒడ్డెక్కించమని. నా పిల్ల క్షేమమని దీన్ని పక్కన పడేస్తే నేనేం మనిషిని? ముందు వదిలినవాటికి కాళ్ళూపినవాళ్ళు లేరు. దీనికి నేనున్నాను."

స్వామి అక్కడే నిలబడి ఉన్నారు. కాసేపటికి తాటాకు గొడుగు తెచ్చి ఆమె మీద నీడ పడేలా అరుగు స్తంభానికి కట్టారు.

మధ్యాహ్నం తిరిగాక మళ్ళీ ఫోన్. ఈసారి వా వాయే. గొంతు నీరసంగా ఉంది.

"అమ్మా... బస్సుంది కదా సాయంత్రం. రా. పాపని చూద్దువుగాని. నువ్వు వరండాలో తిరిగినా నేనేమీ అనను. నువ్వు కావాలనిపిస్తోందమ్మా."

ఈ మాట కోసం ఓన్ యీ నెల రోజులుగా చెవులు రిక్కించుకుని ఉంది. లేచి పరుగెత్తాలని ఒళ్ళంతా లాగింది. లాగింది గానీ లేవలేదు.

"వస్తానే. ఇప్పుడు కాదు."

"అదేంటి? కోపమా?"

"కోపం కాదే నా తల్లీ. నీ పేరు చెప్పి ఒక ప్రాణాన్ని నీళ్ళలో ముంచాను. దానికి ఊపిరి పోస్తున్నాను. చేతులు ఖాళీ లేవు. అది లేస్తే ఆ క్షణమే వస్తాను, లేవకపోతే..." మాట అక్కడే వదిలేసి మళ్ళీ కాళ్ళు లాగింది.

అవతల పసిదాని ఏడుపు, సన్నగా. వా వా అంది, "ఆపకమ్మా. నేనెక్కడికీ పోను."

ట్విన్ ఫోన్ కట్ చేశాడు. ముక్కు చీదుకుని, అరుగు మీద ఆమె పక్కనే కూర్చున్నాడు. "నీ వేళ్ళు బొబ్బలెక్కాయి, ఇటివ్వు, కాసేపు నేను ఊపుతాను" అన్నాడు. ఆమె ఇవ్వలేదు. లాగింది. తోసింది. తాబేలు ముక్కులోంచి ఒక నీటి బుడగ వచ్చి పగిలింది. అలాంటివి పొద్దుట్నుంచీ వస్తూనే ఉన్నాయి, ఆమె పట్టించుకోలేదు. మళ్ళీ లాగింది. ఈసారి కాలు రాలేదు. కాస్త గట్టిగా లాగబోయి, ఆగిపోయింది.

"ట్విన్ అన్నా" అంది, ఊపిరి బిగపట్టి. "ఇది కాలు ఇవ్వనంటోందయ్యా. లాక్కుంటోంది!"